వాషింగ్టన్ వెళ్ళే ఐ-66 హైవే టోల్ లేన్ల మీద రోజూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు ఉన్నారా? కారా, బస్సా తేల్చుకోలేకపోతున్నాం

నమస్తే అండి. నార్తర్న్ వర్జీనియాలో ఉంటున్నవాళ్ళ సలహా కావాలి. మా ఆవిడకి వాషింగ్టన్ పక్కనున్న బాల్‌స్టన్‌లో ఉద్యోగం ఖాయమైంది, వారానికి నాలుగు రోజులు ఆఫీసుకి వెళ్ళాలి. ఇల్లు గెయిన్స్‌విల్‌లో.

వాషింగ్టన్ చుట్టూ ఉండే రింగ్ రోడ్డు బెల్ట్‌వేకి ఇవతల, అంటే మా ఇంటివైపు, టోల్ వద్దనుకుంటే పక్కన మామూలు లేన్లున్నాయి, ఆలస్యమైనా చేరతాం. బెల్ట్‌వే దాటాకే చిక్కు. పొద్దున 5:30 నుంచి 9:30 దాకా వాషింగ్టన్ వైపు అన్ని లేన్లకీ టోలే, అదీ రద్దీని బట్టి కొద్ది నిమిషాలకోసారి మారుతుంది. సాయంత్రం 3 నుంచి 7 దాకా తిరుగుదారిలోనూ అంతే. ముందురోజు లెక్క మర్నాటికి పనికిరాదు! కార్లో ముగ్గురుంటే ఈజీపాస్ ఫ్లెక్స్‌తో (కార్‌పూల్ అని మార్చుకోగలిగే టోల్ పరికరం) ఉచితం. 2022 డిసెంబరు దాకా ఇద్దరు చాలేవారట, మేం ఆలస్యంగా వచ్చాం.

బస్సులకి ఆ లేన్లలో టోల్ లేదు, బెల్ట్‌వే లోపలి టోల్ డబ్బులో కొంత బస్సులకే పెడతారు కూడా. కానీ పిల్లాడి డేకేర్ 6కి మూసేస్తారు. సాయంత్రం బస్సు తప్పిపోతే ఏం చేస్తున్నారు?

ఆమ్నీరైడ్ (ఇక్కడి ప్రజా రవాణా సంస్థ) బస్సులో వెళ్ళేవాళ్ళు పార్కింగ్, ఎదురుచూపు కలిపి ఇంటి గుమ్మం నుంచి ఎంతసేపవుతుందో చెప్పండి. వియన్నా మెట్రో స్టేషన్లో కారు పెట్టి మెట్రో ఎక్కడం నయమా? ఐ-95 హైవే వైపు నడిచినట్టు ఇక్కడ కూడా ముక్కూమొహం తెలియనివాళ్ళని ఎక్కించుకుని ముగ్గురు చేసుకునే పద్ధతి నడుస్తోందా?

ఇల్లు మారమని మాత్రం చెప్పకండి, కొని ఏడాది కాలేదు.