వెనుకబడిన ఉన్నత పాఠశాలలకు వచ్చే గ్రాంటును ఉపాధ్యాయ శిక్షణకే వెచ్చించాలా?

చర్చను ప్రారంభించినవారు:
ఫలితాలు తక్కువగా ఉన్న ఉన్నత పాఠశాలలకు గ్రాంటు రాగానే అందులో పెద్ద భాగం శిక్షణకు పోతోంది. ఇది సరికాదని నా అభిప్రాయం. అమెరికా విద్యాశాఖ ఏడో తరగతి గణిత ఉపాధ్యాయులకు వేసవి తరగతులు, ఏడాది పొడవునా సమావేశాలు, బడిలోనే కోచింగ్ (ఉపాధ్యాయుల బోధనను గమనించి సూచనలివ్వడం) ఏర్పాటు చేయించి, ఆ ప్రయత్నాన్ని శాస్త్రీయంగా పరిశీలింపజేసింది. రెండేళ్ల తరువాత కూడా విద్యార్థుల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2011లో వెలువడిన నివేదిక తేల్చింది. అంత శ్రద్ధగా చేసినదే ఫలించనప్పుడు, ఆ సొమ్ముతో వెనుకబడిన పిల్లలకు అదనపు బోధన ఏర్పాటు చేయడం మేలు కాదా?

గణిత ఉపాధ్యాయురాలు:
మీరు చూపిన నివేదికను కాదనను. అయితే అదే 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన మరో అధ్యయనాన్ని కూడా పక్కన పెట్టి చూడాలి. అందులో 78 మంది ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు పాల్గొన్నారు. శిక్షణ పొందినవారు తమ పాఠాలను తామే వీడియో తీసి పంపితే, కోచ్ అందులోని చిన్న ఘట్టాలను ఎంచి, పిల్లలతో ఆ క్షణంలో ఏం జరిగిందో వారితోనే చర్చించేవారు. ఆ మరుసటి ఏడాది వారి విద్యార్థులు సాధించిన మెరుగుదల, 50వ పర్సంటైల్‌లో, అంటే నూరుమందిలో సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి 59కి చేరడంతో సమానమని లెక్కగట్టారు. మరుసటి ఏడాది అన్న మాటను గమనించండి. తొలి ఏడాది చివరనే ఫలితం చూపమని పట్టుబట్టే గ్రాంటు అయితే, దీన్ని కూడా విఫలమైనదిగానే రాసుకునేది.

నా అనుభవం కూడా చెబుతాను. దీర్ఘచతురస్రం పొడవును 10 శాతం పెంచి, వెడల్పును 10 శాతం తగ్గిస్తే వైశాల్యం మారుతుందా అని ఒకసారి అడిగాను. తరగతి మౌనంగా ఉండిపోయింది. అర నిమిషమైనా ఆగకుండా, ‘రెండూ 10 అనుకోండి, 11ని 9తో గుణించండి’ అని నేనే చెప్పేశాను. పిల్లలు 99 అని రాశారు, నేను సంతోషించాను. నాతో పనిచేసిన కోచ్ ఆ వీడియో చూపించి, ‘ఇక్కడ ఆలోచించింది ఎవరు?’ అని అడిగేదాకా, మంచి ప్రశ్నను ఒట్టి గుణకారంగా దించేశానని నాకు తెలియలేదు. వెనుకబడిన బడుల్లో పాఠం పలచబడేది చాలావరకు ఇలాగే, పిల్లల మీద ప్రేమతోనే. దీన్ని ఏ హాలులోని ఉపన్యాసమూ పట్టుకోలేదు. మీరు కోరుతున్న అదనపు బోధనలో కూడా ఇదే పలచని పాఠం మళ్లీ చెబితే పిల్లలకు ఒరిగేదేమిటి?

ఒక ప్రధానోపాధ్యాయుడు:
మేడమ్ గారు చెప్పింది నిజమే గాని, ఇలాంటి బడుల్లో ఉపాధ్యాయులు నిలవరు. శిక్షణ పొందినవారు బదిలీ అయితే, ఆ పెట్టుబడి వారితోపాటే వెళ్లిపోతుంది. పైగా కోచింగ్‌పై వచ్చిన 60 అధ్యయనాలను కలిపి 2018లో పరిశీలించినప్పుడు, బోధనలో వచ్చిన మార్పు పెద్దదిగా, విద్యార్థుల ఫలితాల్లో వచ్చినది అంతకంటే బాగా చిన్నదిగా తేలింది. కార్యక్రమాన్ని వందలాది ఉపాధ్యాయులకు విస్తరిస్తే ఆ ఫలితం ఇంకా తగ్గింది. మంచి కోచ్‌లు అంతమంది దొరకరు కదా.

గణిత ఉపాధ్యాయురాలు:
అందుకే ఒక్కొక్కరిని బయటికి పంపడం మాని, ఒక సబ్జెక్టు ఉపాధ్యాయులందరికీ వారానికి ఒక ఉమ్మడి పీరియడ్ ఇవ్వాలని అడుగుతున్నాను. ఒకరు వెళ్లిపోయినా పద్ధతి మిగిలినవారి దగ్గర ఉంటుంది, కొత్తగా వచ్చినవారు వారి వద్దే నేర్చుకుంటారు.

చర్చను ప్రారంభించినవారు:
అలాగైతే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. అయితే ఆ పీరియడ్‌లో తరగతులు చూసుకునేవారి జీతాన్ని కూడా గ్రాంటులోనే చూపించాలి. అది లేని దరఖాస్తుకు నేను ఇప్పటికీ వ్యతిరేకినే.