కింది దవడలో అమిలోబ్లాస్టోమా: గీకితే సరిపోతుందా, ఎముక తీయాల్సిందేనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 31 ఏళ్లు. కింది దవడ ఎడమవైపు, జ్ఞానదంతం దగ్గర నొప్పి లేని వాపు. ఓపీజీ ఎక్స్‌రేలో (రెండు దవడలూ ఒకే ఫిల్ములో కనిపించేది) 4.5 సెం.మీ. మేర సబ్బు నురగలా గదులు గదులుగా కనిపిస్తోంది. బయాప్సీలో ‘అమిలోబ్లాస్టోమా, ఫాలిక్యులర్’ అని, అంటే పళ్లు తయారయ్యే కణజాలం నుంచి దవడలో పుట్టే గడ్డలో ఒక రకమని వచ్చింది. ఒక డాక్టరు గారు గీకి శుభ్రం చేస్తే చాలంటున్నారు. ఇంకొకరు అక్కడి ఎముక కోసేసి కాలి ఎముక పెట్టాలంటున్నారు. క్యాన్సర్ కాదని ఇద్దరూ చెబుతున్నారు. మరి అంత పెద్ద ఆపరేషన్ ఎందుకండీ?

జవాబు 1

క్యాన్సర్ కాదన్న మాట నిజమేనండి. కానీ ఇది ఉన్నచోటే ఉండే గడ్డ కాదు. దవడ లోపలి ఎముక స్పాంజిలా ఉంటుంది. ఆ సందుల్లోకి గడ్డ కణాలు పాకుతాయి. ఎక్స్‌రేలో కనిపించే అంచు దాటి 2 నుంచి 8 మి.మీ. దాకా అవి ఉండొచ్చు. గీకే పరికరం (క్యూరెట్) ఎంత జాగ్రత్తగా తిప్పినా ఆ సందుల్లోకి పోదు. గీకి వదిలేసిన, ఫాలిక్యులర్ లాంటి మామూలు రకం అమిలోబ్లాస్టోమాలో సగానికి పైగా తిరిగొస్తాయి. అందుకే కనిపించే అంచుకు అటూ ఇటూ 1 నుంచి 1.5 సెం.మీ. మంచి ఎముకతో సహా తీస్తారు.

గీకడం సరిపోయే రకం ఒకటుంది: యూనిసిస్టిక్. ఒకే తిత్తిలా ఉండి, గడ్డ కణాలు తిత్తి గోడలోకి దిగకుండా లోపలి పొరకే పరిమితమైతే తిత్తిని ఒలిచి తీస్తారు. కొందరు సర్జన్లు ఆ గుంటలో మిగిలిన కణాలను చంపే కార్నాయ్ ద్రావణంలో తడిపిన గాజ్ (పలచని నూలు గుడ్డ) 3 నిమిషాలు ఉంచుతారు. కణాలు గోడలోకి దిగి ఉంటే మాత్రం దాన్ని మామూలు రకంలాగే చూడాలి. పెద్ద గడ్డ నుంచి చిన్న ముక్క తీస్తే బయాప్సీ పొరబడొచ్చు. స్లైడ్లు ఓరల్ పాథాలజిస్టుకు ఇంకోసారి చూపించండి.

ప్రశ్న అడిగినవారు

రిపోర్టులో యూనిసిస్టిక్ అని లేదండి. నాలుక వైపు ఎముక గోడకు చిల్లు పడిందని, కింది అంచు 4 మి.మీ. మాత్రమే మిగిలిందని సీటీలో రాశారు. ఆపరేషన్ ఎలా చేస్తారు? కాలి ఎముక తీస్తే నడవగలడా?

జవాబు 2

అయితే గీకడం గురించి ఇక ఆలోచించకండి. కింది అంచు కనీసం 1 సెం.మీ. గట్టిగా మిగిలితేనే పైభాగం మాత్రం తీసి దవడ కొనసాగింపును కాపాడొచ్చు. 4 మి.మీ. మిగిల్చితే అన్నం నములుతుండగానే విరుగుతుంది. చిల్లు పడినచోట ఎముక మీది పొరను, దాన్ని అంటుకున్న మెత్తని కణజాలాన్ని కూడా కలిపి తీయాలి. మళ్లీ రావడం చాలాసార్లు అక్కడి నుంచే మొదలవుతుంది.

సీటీ నుంచి దవడ నమూనాను త్రీడీ ప్రింట్ తీసి, టైటానియం ప్లేటును దాని మీద ముందే వంచి పెట్టుకుంటారు. మత్తు గొట్టం ముక్కులోంచి వేస్తారు. పై పళ్లను, కింది పళ్లను తీగతో కలిపి పళ్లు కలిసే తీరు సరిచూస్తారు. ఎముక కోయకముందే ప్లేటు పెట్టి, రెండు పక్కలా కనీసం మూడేసి స్క్రూల రంధ్రాలు చేస్తారు. ఈ వరుస తప్పితే దవడ కీలు పక్కకు జరిగి, పళ్లు మళ్లీ కలవవు. ఎముకను కోసిన వెంటనే పరీక్షించే ఫ్రోజెన్ పద్ధతి కుదరదు కాబట్టి, తీసిన ముక్కకు థియేటర్లోనే ఎక్స్‌రే తీసి అంచులు చూస్తారు. దవడ నరం గడ్డలోంచే పోతుంటే దాన్నీ తీయాలి. ఆ పక్క కింది పెదవి, గడ్డం మొద్దుబారిపోతాయి. ఈ మాట ముందే చెప్పించుకోండి.

ఫిబులా అనేది కాలిలో సన్న ఎముక. బరువు మోసేది పక్కనున్న పెద్ద ఎముక. చీలమండ దగ్గర 6-7 సెం.మీ. వదిలి పైభాగం తీస్తారు కాబట్టి నడక నిలుస్తుంది. బొటనవేలు మడిచే బలం కాస్త తగ్గొచ్చు. అయితే కొద్దిమందిలో పాదానికి ముఖ్య రక్తనాళం ఫిబులా పక్కనుండేదే. అందుకే కాళ్లకు సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) లేకుండా ఒప్పుకోకండి. తీసిన ఎముకను దాని రక్తనాళాలతో సహా తెచ్చి, మైక్రోస్కోపు కింద మెడ నాళాలకు కుడతారు. మొత్తం 8 నుంచి 10 గంటలు పట్టొచ్చు.

జవాబు 3

ఐసీయూలో మొదటి 48 గంటలే కీలకం. కాలి ఎముకతో పాటు తెచ్చిన చర్మపు ముక్క నోట్లో కనిపిస్తుంది. నర్సులు గంటగంటకూ రంగు, వేడి చూస్తారు. సూదితో గుచ్చితే కాసేపటికి ఎర్రటి చుక్క రావాలి. గుచ్చగానే ముదురు నల్లటి రక్తం ఉబికితే సిర మూసుకుపోయినట్టు. పాలిపోయి అసలు రక్తం రాకపోతే ధమని సమస్య. రెండింటిలో ఏదైనా గంటల్లోనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాలి. సిగరెట్ అలవాటుంటే ఇప్పుడే మాన్పించండి, అది ఆ సన్న నాళాలను బిగిస్తుంది.

తిండి 7 నుంచి 10 రోజులు ముక్కు గొట్టంలోనే. పాలు, వడకట్టిన పప్పుకట్టు, ప్రొటీన్ పొడి కలిపి 200 మి.లీ. చొప్పున రెండు గంటలకోసారి, తల ఎత్తి ఉంచి, నెమ్మదిగా పోయాలి. తర్వాత రాగి జావ, మెత్తటి అన్నం. నోటి కుట్లు విడితే లాలాజలం ప్లేటు దాకా దిగి చీము పడుతుంది. కాబట్టి తిన్న ప్రతిసారీ క్లోర్‌హెక్సిడిన్‌తో (క్రిములను చంపే మౌత్‌వాష్) పుక్కిలించాలి.

పళ్లకు ఇంప్లాంట్లు సాధారణంగా ఆరు నెలల తర్వాతే. అంచులు శుభ్రంగా వచ్చినా పరీక్షలు మానొద్దు. ఇది పదేళ్లు దాటాక కూడా తిరిగి వచ్చే గడ్డ. మొదటి ఐదేళ్లు ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి ఓపీజీ తీయించి, పాత ఫిల్ములన్నీ ఒకే కవర్లో పెట్టి డాక్టరు గారికి వెంట తీసుకెళ్లండి.