లక్క ‘పూస్తారా’, ‘పట్టిస్తారా’?

ప్రశ్న – పర్లాకిమిడి నుంచి

అందరికీ నమస్కారం. ఏటికొప్పాక లక్కబొమ్మల మీద ఎం.ఏ. ప్రాజెక్టు రాస్తున్నాను. ఫీల్డ్ నోట్సులో ‘బొమ్మకు లక్క పూస్తారు’ అని రాశాను. మా అమ్మ చదివి, “పూయడానికి అదేమైనా సున్నమా? పట్టిస్తారు అనాలి” అంది. నిజంగా అంత తేడా ఉందా? త్వరలో సబ్మిట్ చెయ్యాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు – బరంపురం నుంచి

చాలా తేడా ఉందమ్మా. మీ అమ్మగారి మాటే సరైనది.

సున్నం పూస్తాం, గంధం పూస్తాం. పూసేది ముందే తడిగా ఉంటుంది, పైన పరిస్తే ఆరిపోతుంది. తలకు నూనె రాసుకోవడం వేరు, పట్టించడం వేరు కదా! పట్టించాలంటే వేళ్లతో మర్దనా చెయ్యాలి, నూనె కుదుళ్లలోకి దిగాలి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెనకు (కర్రను గిర్రున తిప్పే యంత్రానికి) బిగించి, ఉలితో ఆకారం తెస్తారు. కర్ర గిర్రున తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి అదుముతారు. కడ్డీ గట్టిదే. కుంచె ఉండదు, రంగు గిన్నె ఉండదు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో ఒత్తి రుద్దితే అంతటా సమంగా పరుచుకుని నిగనిగలాడుతుంది. నువ్వు ‘పూత’ అని రాస్తే చదివేవాళ్ల కళ్లకు డబ్బా, బ్రష్ కనిపిస్తాయి. తరిమెన కనిపించదు.

అదే కొండపల్లి బొమ్మ తీసుకో. పొణికి కర్రతో విడివిడిగా చెక్కిన ముక్కలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు, ఆపైన సున్నం పూస్తారు, ఆరాక కుంచెతో రంగులు వేస్తారు. అక్కడ పూయడం, వేయడం రెండూ సరైన మాటలే. క్రియ మారితే పనే మారిపోతుంది. అందుకే ఫీల్డుకి వెళ్లినప్పుడు పనిముట్ల పేర్లతో పాటు క్రియలు కూడా రాసుకోమంటాను. చాలామంది వదిలేసేది వాటినే.

ఇంకొకటి. ‘లక్క ఎలా పూస్తారు?’ అని నువ్వే అడిగితే, మర్యాదకి వాళ్లూ ‘పూస్తాం’ అనేస్తారు. “ఇప్పుడేం చేస్తున్నారు బాబాయ్?” అని అడిగి ఊరుకో. వాళ్ల నోట వచ్చిన మాటే రాయి. గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలో ఉంటూ, సవరల నోట విని వాళ్ల భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. నీకు అంతకంటే దగ్గరి దారి చూపించేవాళ్లు ఎవరున్నారు?

రాయగడ నుంచి

మా పాప స్టీలు గిన్నెల సెట్టుని కూడా ఇంట్లో లక్కపిడతలే అంటాం. అది తప్పా అండీ?

బరంపురం నుంచి

తప్పేం లేదు తల్లీ. ఆట అదే కాబట్టి పేరు నిలిచింది. పోతన రుక్మిణి చిన్నతనంలో గుజ్జెనగూళ్లు (ఆటకు వండే అన్నం) వండించి చెలులకు పెట్టించింది కదా, మీ పాప చేసేదీ అదే. కానీ పరిశోధనలో మాత్రం ఏ సెట్టు దేనితో చేసిందో విడిగా రాయాలి.

పర్లాకిమిడి నుంచి

ఒడియా వాళ్ల లక్కబొమ్మలతో పోల్చమని మా గైడ్ అన్నారు అక్కా. పోల్చవచ్చా?

బరంపురం నుంచి

తప్పకుండా. ఒడియాలో లక్క ‘జౌ’. సంస్కృతంలో జతువు, మన భారతంలో లక్కయిల్లే జతుగృహం. మా గంజాం జిల్లాలో అశోకుడి శాసనాలున్న జౌగడ పేరుకు లక్కకోట అని అర్థం చెబుతారు. బాలాసోర్ వైపు చేసే జౌకండెయి అంటే లక్కబొమ్మే. అయితే అది మట్టి బొమ్మ. కాల్చిన బొమ్మను నిప్పుల సెగకు వేడెక్కించి లక్క అంటిస్తారు. అక్కడ వేడి నిప్పుది, ఏటికొప్పాకలో రాపిడిది. రెండింటినీ ‘లక్క పూత బొమ్మలు’ అని ఒకే గాటన కట్టెయ్యకు. నీ పోలిక ఆ వేడి దగ్గరే మొదలుపెట్టు.

పర్లాకిమిడి నుంచి

సరే అక్కా, ‘పూత’ అన్నచోటల్లా మార్చేస్తున్నాను. మొగలి ఆకుతో చేసేదాన్ని మీరు ‘రుద్దడం’ అన్నారు, అమ్మేమో ‘మెరుగు పెట్టడం’ అంటోంది. ఈసారి వెళ్లినప్పుడు నేను మాట అందించకుండా అడిగి, విన్నది ఇక్కడే రాస్తాను.