అప్‌డేట్: కార్బన్ బెడ్ మారినప్పుడు పెట్రోల్ వాసన, కారణం దొరికింది

రాజమండ్రి వైపు పెట్రోల్ డిపోలో చేస్తున్నాను, ట్యాంకర్లు నింపేటప్పుడు లేచే ఆవిరిని పట్టే యూనిట్‌లో బెడ్ మారేటప్పుడు వెంట్ (శుభ్రమైన గాలి బయటికి పోయే గొట్టం) దగ్గర వాసన వస్తోంది అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. బెడ్ అంటే ఆవిరిని పీల్చుకునే కార్బన్ నింపిన తొట్టి. అవి రెండుంటాయి, ఒకటి ఆవిరి పడుతుంటే రెండోదాన్ని వ్యాక్యూమ్ పంపు లాగి ఖాళీ చేస్తుంది, తర్వాత వంతులు మారతాయి. ఎక్కువమంది కార్బన్ మార్చేయమన్నారు. కార్బన్‌కి ఏమీ కాలేదండి.

ఒకాయన చెప్పిన వ్యాక్యూమ్ పరీక్షే పట్టిచ్చింది. లోడింగ్ ఆపి, ఒక్కో బెడ్‌కి వ్యాక్యూమ్ లాగి, వాల్వులన్నీ మూసి గేజ్ ముందు కూర్చున్నాం. ఒకదాని ముల్లు కదల్లేదు. రెండోదాని ముల్లు కళ్ళముందే జారిపోయింది, అంటే ఎక్కడో లోపలికి లీకవుతోంది. ఆవిరి లోపలికొచ్చే ఇన్‌లెట్ వాల్వు విప్పితే, అది బిగుతుగా మూసుకోడానికుండే రబ్బరు సీటు పెట్రోల్‌కి ఉబ్బి, ఒక పక్క అంచు చిరిగి ఉంది. ఒక పక్క పంపు లాగుతుంటే మరో పక్క ట్యాంకర్ల ఆవిరి దూరుతూనే ఉంటే బెడ్ ఎప్పటికి ఖాళీ అవుతుంది? అందుకే దాని వంతు రాగానే వెంట్‌లో వాసన. టెఫ్లాన్ సీటు వేయించాం, వాసన పోయింది.

పనిలో పనిగా నైట్రోజన్‌తో కొద్దిపాటి ప్రెషర్ పెట్టి, ఫ్లాంజిలకి (పైపుల బోల్టు జాయింట్లకి) సబ్బు నురుగు రాశాం. పంపు డిశ్చార్జి దగ్గర బుడగలు. బోల్టులు తుప్పు పట్టాయి, గాస్కెట్‌తో సహా మార్చాం. గ్యాస్ లీకు కనిపెట్టే డిటెక్టర్ ఒకటి తల ఎత్తున బిగించారు! పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. దాన్ని కిందికి దింపించాను.

1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మంటలు, 2014లో నగరం గ్యాస్ పైప్‌లైన్ పేలుడు చూసిన గోదావరి ప్రాంతం ఇది. గ్యాస్ వాసనంటే చుట్టుపక్కల వాళ్ళకి టెన్షన్ ఉండదా మరి. లీకు లేని ఆ ఇంకో బెడ్ సీటు కూడా వచ్చే షట్‌డౌన్‌లో మార్చేస్తున్నాం.