ప్రమోషన్ ఆర్డర్ రాకముందే హెచ్ఎం (హెడ్మాస్టర్) పని నేర్పడం ఎలా? మండలంలో ఎవరైనా చేసి చూశారా?

లోపలి మండలం ఎస్ఏ
మాది కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. మా చుట్టుపక్కల మూడు హైస్కూళ్ళలో రెగ్యులర్ హెచ్ఎం లేరు, సీనియర్ స్కూల్ అసిస్టెంటే (ఎస్ఏ, అంటే హైస్కూల్ సబ్జెక్టు టీచరే) ఇన్‌చార్జి. సీనియారిటీ లిస్టులో ముందున్నవాళ్ళం ఓ ఎనిమిది మందిమి ఉన్నాం, నేడో రేపో కుర్చీ ఎక్కాల్సినవాళ్ళమే, కానీ టైమ్‌టేబుల్ వేయడం తప్ప మాకు ఏమీ తెలీదు. మాలో మేమే నెలకోసారి కూర్చుని నేర్చుకుందాం అనుకుంటున్నాం. మూడు ప్రశ్నలు. ఏమేం నేర్చుకోవాలి? ఎవరి దగ్గర? మహిళా టీచర్లు కూడా రావాలంటే ఏ రోజు, ఎక్కడ పెట్టాలి? చేసి చూసినవాళ్ళు చెప్పండి.

సోషల్ సార్
క్యాష్‌బుక్. మొదట అది, తర్వాత అది, చివర కూడా అదే.
నాకు ఇన్‌చార్జి ఇచ్చింది ఆగస్టులో. రిలీవ్ అయిన సార్ తాళాల గుత్తి చేతిలో పెట్టి "అంతా బీరువాలో ఉంది" అని చెప్పి సాయంత్రం బస్సెక్కారు. తెరిచి చూస్తే క్యాష్‌బుక్‌లో చివరి ఎంట్రీ మార్చి 31. ఓచర్లన్నీ అట్టపెట్టెలో, చాక్‌పీసు పొడి అంటుకుని, సగం వాటి మీద తేదీ లేదు. చార్జ్ లిస్టు లేదు. నేనేమో రిజిస్టర్‌లో సంతకం పెట్టేశాను, అంటే ఆ నాలుగున్నర నెలల బాధ్యత కూడా నాదే అయింది. పాస్‌బుక్ ఎంట్రీలు వేయించుకొచ్చి రాత్రిళ్ళు ఇంట్లో కూర్చుని ఒక్కో ఓచర్ పేర్చుకుంటూ రాశాను. 2,340 రూపాయల తేడా పదకొండు రోజులు తేలలేదు. చివరికి కరెంటు పని చేసినతని బిల్లు ఒకటి రెండుసార్లు రాసి ఉంది. ఆ పదకొండు రోజులు పదో తరగతి పిల్లలకి నేను చెప్పిన పాఠం నాకే గుర్తులేదు. కాబట్టి తమ్ముడూ, చార్జ్ లిస్టు లేకుండా తాళం ముట్టుకోకండి. బీరువాలో ఉన్నది ఉన్నట్టు, క్యాష్‌బుక్ బ్యాలెన్స్, బ్యాంకు బ్యాలెన్స్, వాడని చెక్కుల నంబర్లు, అన్నీ రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టాకే.

జీవశాస్త్రం
సోషల్ సార్ బాధ అర్థమైంది. కానీ ఇదే మన రోగం. హెచ్ఎం అంటే క్యాష్‌బుక్ అని మనమే నేర్పుతాం, తర్వాత హెచ్ఎంలు క్లాసులోకి రావడం లేదని మనమే ఏడుస్తాం. ఎనిమిదో తరగతి పిల్లాడు రెండో తరగతి వాచకం తడుముకుంటుంటే ఏం చేయాలో తెలియని హెచ్ఎంకి క్యాష్‌బుక్ ముత్యాల్లా రాయడం వచ్చి లాభమేంటి?

సోషల్ సార్
మేడం, ఆడిట్ అబ్జెక్షన్ రాస్తే రికవరీ మీ జీతంలోంచి కాదు. రిటైరయ్యేటప్పుడు నో డ్యూస్ (బాకీలు లేవనే) సర్టిఫికెట్ కోసం తిరిగేది కూడా మీరు కాదు.

జీవశాస్త్రం
నేను రెండేళ్ళు ఇన్‌చార్జి చేశానండీ, ఊరికే చెప్పడం లేదు. మా స్కూల్లో 180 మంది. బడి ఖర్చులకి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంట్ 50 వేలు. 50 వేలకి ఏడాది పొడుగునా ఎన్ని ఓచర్లు ఉంటాయి? వారానికి ఒక గంట. మిగతా సమయం ఏం చేశామన్నది ప్రశ్న. నేను పక్క టీచర్ క్లాసులో వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టినప్పుడు మా లెక్కల సార్ నెల రోజులు నాతో మాట్లాడలేదు. తనకంటే జూనియర్ వచ్చి తన క్లాసు చూడటమా అని. ఆయన్ని ఎలా ఒప్పించాలో నాకు ఎవరూ నేర్పలేదు. అది నేర్పండి ముందు.

పాతబడి (రిటైర్డ్ జీహెచ్ఎం)
నేను 14 ఏళ్ళు గెజిటెడ్ హెచ్ఎంగా చేశాను, మూడేళ్ళు లీడర్‌షిప్ ట్రైనింగుల్లో రిసోర్స్ పర్సన్‌ని, కాబట్టి కొంచెం అధికారంగానే చెబుతున్నాను. మీ ఇద్దరూ అంటున్నవి రెండూ కొత్తవి కావు. ఢిల్లీలో విద్యా ప్రణాళిక సంస్థ నీపా కింద నేషనల్ సెంటర్ ఫర్ స్కూల్ లీడర్‌షిప్ 2012లోనే పెట్టారు. వాళ్ళ చట్రంలో ఏడు అంశాలున్నాయి. నాయకత్వం మీద అవగాహన, తనను తాను మెరుగుపరచుకోవడం, బోధన, అభ్యసనల్లో మార్పు, జట్టును తయారుచేసి నడపడం, కొత్త ప్రయోగాలు, ఊరితోనూ తల్లిదండ్రులతోనూ భాగస్వామ్యం, పాలన. చూడండి, పాలన ఏడింటిలో ఒకటి. ఏడోది. 2019లో నిష్ఠ అనే జాతీయ టీచర్ ట్రైనింగ్ వచ్చినప్పుడు కూడా హెడ్మాస్టర్లకి ఈ లీడర్‌షిప్ భాగం పెట్టారు. అసలు మెటీరియల్ లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

సోషల్ సార్
మెటీరియల్ లేదని ఎవరన్నారు మాస్టారూ? కుర్చీలో కూర్చున్నాక ఇచ్చారు అంటున్నాం. నాకు ఆ ట్రైనింగ్ పిలుపు వచ్చేసరికి నేను ఇన్‌చార్జి దిగిపోయాను.

పాతబడి (రిటైర్డ్ జీహెచ్ఎం)
అది నిజమే. కాదనను.

88 97 141
అందరూ అసలు విషయం వదిలేశారు. హెచ్ఎం ప్రమోషన్‌కి కావాల్సిన డిపార్ట్‌మెంటల్ పరీక్షలు, అంటే జీఓ (గెజిటెడ్ ఆఫీసర్స్) టెస్ట్ పేపర్లు 88, 97, ఈఓ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్) టెస్ట్ పేపర్ 141 పాసయ్యారా లేదా? అవి లేకపోతే మీ లీడర్‌షిప్ అంతా కాగితం మీదే. నేను మూడోసారికి పాసయ్యాను, మళ్ళీ రాసేవాళ్ళకి నోట్సు కావాలంటే అడగండి.
ఇంకో మాట. సీనియారిటీ మీద హెచ్ఎం చేయడమే తప్పు. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రిన్సిపాల్ పోస్టుకి డిపార్ట్‌మెంటల్ పరీక్ష పెడతారు. ఇక్కడా పెట్టాలి. 35 ఏళ్ళవాడికి సత్తా ఉంటే 35కే హెచ్ఎం కావాలి. రిటైర్మెంట్‌కి రెండేళ్ళ ముందు కుర్చీ ఇస్తే ఆయన ఏం నేర్చుకుంటాడు, ఎవరికి నేర్పుతాడు?

తెలుగు పండిట్
ఈ మాట అనడానికి మనసెలా వచ్చింది? నేను 22 ఏళ్ళు ఒకే క్యాడర్‌లో ఉండిపోయినవాణ్ణి. ప్రమోషన్ల కోసం మేం చేసిన ధర్నాలు మీరు పుట్టకముందు నుంచీ ఉన్నాయి. పరీక్ష పెడితే ఎవరు పాసవుతారో అందరికీ తెలుసు. జిల్లా కేంద్రంలో కోచింగ్‌కి వెళ్ళగలిగినవాళ్ళు. వాగు దాటి బడికి వెళ్ళేవాడు పుస్తకం ఎప్పుడు పడతాడు?

88 97 141
నేనూ ఏజెన్సీలోనే ఉన్నానండీ, బడి అయ్యాక చదివాను. సాకులు చెప్పకండి.

తెలుగు పండిట్
సాకులా? మాటలు జాగ్రత్త. మీకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు, ఇంట్లో మంచాన పడ్డ తల్లి ఉంటే అప్పుడు చెప్పండి సాకంటే ఏంటో.

జీవశాస్త్రం
ఇద్దరూ ఆగండి. పరీక్ష పెట్టినా సీనియారిటీ ఉన్నా, ఎంపికైనవాళ్ళని తయారు చేయాలి కదా? ఆ ప్రశ్న అడిగిన ఆయన ఎక్కడున్నారు?

88 97 141
తయారీ గురించే చెబుతున్నాను. పరీక్ష అనేది ఉంటే మనిషి తనంతట తనే తయారవుతాడు.

గోదారి అవతల
అన్నా, మీరు మర్చిపోతున్న పెద్ద సంగతి ఒకటుంది. తెలంగాణలో స్కూల్ అసిస్టెంట్ జిల్లా క్యాడర్, గెజిటెడ్ హెచ్ఎం మల్టీజోన్ (చాలా జిల్లాలు కలిపిన) క్యాడర్. మీ ఎనిమిది మందినీ ఆసిఫాబాద్‌లో ఎంత బాగా తయారు చేసినా ప్రమోషన్ వచ్చిన రోజున కౌన్సెలింగ్‌లో ఎవరికి ఏ జిల్లా పడుతుందో తెలీదు. మీ ఊళ్ళ గురించి, గోండీ మాట్లాడే పిల్లల గురించి మీరు నేర్చుకున్నదంతా తీసుకుని భూపాలపల్లి వెళ్తారు, అక్కడినుంచి ఇంకొకరు కొత్తగా మీ దగ్గరికి వస్తారు. మా ఆంధ్రాలో కూడా హెచ్ఎం జోనల్ పోస్టే, అదే తంటా.

లోపలి మండలం ఎస్ఏ
ఇది నేను ఆలోచించలేదు. కానీ అన్నా, ప్రమోషన్ వచ్చేవరకు ఇక్కడి ఇన్‌చార్జీలు మేమే కదా. నాకు తెలిసిన ఒకాయన ఐదేళ్ళు ఇన్‌చార్జిగానే ఉన్నారు. ఆ ఐదేళ్ళ పిల్లలు మా పిల్లలే.

ట్రెజరీ పక్క కిటికీ
నేను టీచర్‌ని కాదు, సబ్ ట్రెజరీలో పనిచేస్తాను. ఇన్‌చార్జి వేరు, ఎఫ్ఏసీ (ఫుల్ అడిషనల్ చార్జి) వేరు, ఇది చాలామందికి తెలీదు. ఫుల్ అడిషనల్ చార్జి ఆర్డర్ లేకుండా, డీడీఓ (బిల్లులు పెట్టి డబ్బు డ్రా చేసే అధికారి) అధికారం రాకుండా జీతాల బిల్లు మీద సంతకం పెడితే మేం వెనక్కి పంపాల్సిందే, మా మీద కోపం తెచ్చుకోవద్దు. డీడీఓ మారితే స్పెసిమెన్ సిగ్నేచర్ (నమూనా సంతకం) ముందు పంపాలి. ఇంక్రిమెంట్ సర్టిఫికెట్ జత చేయాలి. సరెండర్ లీవు (వాడని సెలవుకి డబ్బు తీసుకునే) బిల్లులో ప్రొసీడింగ్స్ నంబరు సరిచూసుకోవాలి. బిల్లు ఆగితే హెచ్ఎంని తిట్టేది స్టాఫే. అప్పుడు ఏ లీడర్‌షిప్ పాఠమూ పనికిరాదు.

సోషల్ సార్
ఇది రాసిపెట్టుకోండి అందరూ. దండాలు సార్.

ఎస్ఎంసీ నాన్న
నేను పేరెంట్‌ని, మా ఊరి బడి కమిటీలో (ఎస్ఎంసీలో) ఉన్నాను. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి అని మా అమ్మాయి చదివి చెప్పింది. మా కమిటీలోనూ ఉన్నాం, సంతకాలకి. తీర్మానాల పుస్తకం సైకిల్ మీద ఇంటికి పంపిస్తారు, మేం పెడతాం. ఒక్క హెచ్ఎం సార్ మాత్రం, ఎనిమిది నెలలే ఉన్నాడు, ప్రతి నెలా కూర్చోబెట్టి ఏ డబ్బు దేనికి పెట్టాడో నోటితో చెప్పేవాడు. చదువురాని వాళ్ళం కూడా అడిగేవాళ్ళం. ఆయన వెళ్ళిపోయిన రోజు ఊరు ఊరంతా బస్టాండ్‌కి వచ్చింది. ఆయనకి అది ఎవరు నేర్పారో కనుక్కోండి.

పాతబడి (రిటైర్డ్ జీహెచ్ఎం)
బాబూ, చేతులెత్తి నమస్కారం. నేను రిసోర్స్ పర్సన్‌గా చెప్పిన మూడేళ్ళలో భాగస్వామ్యం అనే అంశానికి ఒక పూట మాత్రమే ఇచ్చాను. తక్కువ ఇచ్చాను.

వదులుకున్నాను
మూడో ప్రశ్నకి ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు, నేనిస్తాను. నాకు హెచ్ఎం ప్రమోషన్ వచ్చింది. వద్దని రాసిచ్చాను. పడిన స్కూలు మా ఇంటికి 140 కిలోమీటర్లు. బాబు ఇంటర్ రెండో ఏడాది. స్టాఫ్‌రూమ్‌లో అందరూ "మేడంకి భయం" అన్నారు. నాకు భయం లేదు. నాలుగేళ్ళు పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్షకి పంపే పిల్లల వివరాల జాబితాలు) నా చేతి మీదుగా వెళ్ళాయి, ఒక్క పుట్టినతేదీ తప్పు రాలేదు. వంట ఏజెన్సీ వాళ్ళు బిల్లు రాలేదని పొయ్యి వెలిగించనంటే వాళ్ళ ఇంటికి వెళ్ళి మాట్లాడింది నేను, ఆ రోజు పిల్లలకి అన్నం పెట్టించింది నేను. ఆ పని చేసేటప్పుడు నన్ను ఎవరూ హెచ్ఎం అనలేదు. మీరు ఆదివారం పెడితే మేం రాలేం, ఆదివారం మాకు వారం మొత్తం పని. సాయంత్రం ఐదు తర్వాత పెడితే చివరి బస్సు పోతుంది. కాంప్లెక్స్ మీటింగ్ (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసేది) ఉన్న రోజే ఇంకో గంట కలుపుకోండి. ఎలాగూ అందరం ఒకచోట ఉంటాం, ఓడీ (ఆన్ డ్యూటీ) ఉంటుంది.

తెలుగు పండిట్
మేడం, మీలాంటివాళ్ళకి జిల్లాలోనే పోస్టింగ్ ఇస్తే ఎంత బాగుండేది. ఇందాక నేను ఆవేశపడ్డాను, 141 తమ్ముడు ఏమీ అనుకోవద్దు.

88 97 141
పర్లేదు సార్. నోట్సు మీకూ పంపిస్తాను. కానీ పరీక్ష విషయంలో నా మాట మారదు.

లోపలి మండలం ఎస్ఏ (19 రోజుల తర్వాత)
వదులుకున్నాను మేడం చెప్పినట్టే కాంప్లెక్స్ మీటింగ్ రోజు గంటన్నర కూర్చున్నాం. ఎనిమిది మందికి ఆరుగురు వచ్చారు, ముగ్గురు మేడమ్‌లు. ఉపన్యాసం లేదు. పక్క మండలం రెగ్యులర్ హెచ్ఎం గారిని బతిమాలితే తన స్కూల్ క్యాష్‌బుక్ తెచ్చి బల్ల మీద పెట్టారు. కిందటి నెల ఓచర్లు కలిపేసి ఇచ్చి మమ్మల్నే రాయమన్నారు. నేను గ్యాస్ బిల్లు తప్పు కాలమ్‌లో రాశాను, పక్కన మేడం పట్టుకున్నారు. వచ్చే నెల జీవశాస్త్రం మేడం చెప్పిన పని. ఒకరి క్లాసు ఒకరం వెనక కూర్చుని చూడటం, బయటికొచ్చాక ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు. మొదట నా క్లాసే చూడమన్నాను. ఆ తర్వాత నెలకి ఒకరోజు స్కూలు మొత్తం నా చేతికిచ్చి తను పక్కన కూర్చుంటానని ఆ సార్ ఒప్పుకున్నారు. ఉదయం ప్రార్థన నుంచి సాయంత్రం తాళం వేసేవరకు.
జీవశాస్త్రం మేడం, మీ లెక్కల సార్ చివరికి ఎలా మాట్లాడారో చెప్పలేదు మీరు.

జీవశాస్త్రం
నా క్లాసు చూసి తప్పులు చెప్పమని ఆయన్నే అడిగాను. నాలుగు చెప్పారు. మూడు నిజం. మర్నాడు ఆయనే వచ్చి, తొమ్మిదో తరగతి బీజగణితం పీరియడ్‌కి రమ్మన్నారు.