ముందు ఇన్సులేషనా, సోలారా? కొత్తగా ఇల్లు కడుతున్నాం, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

ఇంటిప్లాన్:
ఒకే అంతస్తు, మూడు పడక గదులు. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న ఉంటాం. ఎండాకాలం మండిపోయే ఎండ, చలికాలం గట్టి చలి రెండూ ఉన్న చోటు. పునాది పని ఇంకా మొదలవలేదు. చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోతుంది. గోడలకూ పైకప్పుకూ ఇన్సులేషన్ (వేడీ చలీ దాటకుండా ఆపే పొర) వేయించి మంచి కిటికీలు పెట్టించాలా, లేక మామూలుగా కట్టేసి డాబా మీద సోలార్ పెట్టించాలా?

సోలార్‌మిత్ర:
సోలార్. రెండో ఆలోచన వద్దు. కరెంటు మనదే అయ్యాక ఎంత వాడుకుంటే ఏం?

కొలబద్ద:
చలికాలం రాత్రి హీటర్ నడిచే వేళకు ప్యానెల్ మీద ఎండ ఉండదండీ. ఎండాకాలంలో కూడా శ్లాబు పగలంతా తాగిన వేడిని పొద్దుపోయాకే గదిలోకి వదులుతుంది. ఏసీకి అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ఇంకో సంగతి. ప్యానెల్స్ కొన్నేళ్ళు ఆగైనా పెట్టుకోవచ్చు, ఇప్పుడు వైరింగ్ కోసం ఒక పైపు వదిలితే చాలు. గోడ అలా కాదు. ప్లాస్టరింగ్ అయిపోయాక మళ్ళీ ముట్టుకోవాలంటే ఇంటి చుట్టూ పరంజా కట్టాల్సిందే. కాబట్టి ముందు పైకప్పు చూసుకోండి, నడినెత్తి ఎండ పడేది దాని మీదే. తర్వాత గోడలు, కిటికీలు. వేడిని ఆపడంలో ఇటుక కంటే థర్మాకోల్ సుమారు 20 రెట్లు మెరుగు. 10 సెంటీమీటర్ల థర్మాకోల్ చేసే పని ఇటుకతో చేయించాలంటే 2 మీటర్ల మందం గోడ కట్టాలి.

ఆఖరున గాలి దూరే సందులన్నీ మూయించి బ్లోయర్ డోర్ పరీక్ష చేయించండి, అంటే గుమ్మానికి ఫ్యాను బిగించి ఎంత గాలి లీకవుతుందో కొలవడం. హీటరు, ఏసీ అవసరం బాగా తగ్గేలా ఇల్లు కట్టే ప్యాసివ్ హౌస్ ప్రమాణం ప్రకారం, ఆ ఫ్యానుతో లోపలికీ బయటికీ 50 పాస్కల్ ఒత్తిడి తేడా పెట్టినప్పుడు గంటలో లీకయ్యే గాలి, ఇంట్లో ఉన్న మొత్తం గాలిలో 0.6 వంతు దాటకూడదు. ఆ పద్ధతిలో మొదటి ఇళ్ళు 1991లోనే జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కట్టారు. ఇది కొత్త ప్రయోగమేమీ కాదు.

వెన్నెల:
పాత ఇళ్ళలో మందపాటి గోడలే కదా చల్లగా ఉంచేవి?

తెరిచినకిటికీ:
సందులన్నీ మూయించండి అని చెప్పడం తేలికే. మా ఇంట్లో అదే చేశాం. కాంట్రాక్టర్ పాత కిటికీలు పీకేసి, రబ్బరు అంచులున్న రెండు అద్దాల కిటికీలు బిగించాడు. మొదటి చలికాలానికే అమ్మ గదిలో బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్లగా బూజు. లింటెల్ కింద మూలన వేలు పెడితే తడి. అమ్మకు దగ్గు పట్టుకుంటే వదల్లేదు. పాత కిటికీలు ఉన్నన్నాళ్ళూ ఆ గదిలో చెమ్మ అన్నదే చూడలేదు. ఇల్లు ఊపిరి తీసుకోవాలి. సీసాలో పెట్టి మూత బిగించినట్టు బిగిస్తే ఇంతే.

పడమటెండ:
ఇంటిప్లాన్ గారూ, పడమర వైపు కిటికీలు ఎన్ని?

కొలబద్ద:
వెన్నెల గారూ, మందపు గోడ వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. రాత్రి చల్లబడే చోట అది మేలే. రాత్రి కూడా ఉక్కగా ఉండే చోట మధ్యాహ్నపు ఎండ మంచం ఎక్కే వేళకు లోపలికి వస్తుంది.

తెరిచినకిటికీ గారికి: గోడలు ఊపిరి తీసుకోవు. ఇటుకలోంచి పోయే ఆవిరి చాలా కొద్ది, అసలు తేమ బయటికి పోయేది గాలి మారినప్పుడే. నలుగురున్న ఇంట్లో వంట, స్నానాలు, బట్టలు, మన శ్వాస అన్నీ కలిసి రోజుకు సుమారు 10 లీటర్ల నీరు గాలిలో చేరుతుంది. మీ పాత కిటికీల సందుల్లోంచి అది పోయేది. కొత్తవి ఆ దారి మూశాయి, వేరే దారి పెట్టలేదు. పైగా ఇదివరకు గదిలో అన్నిటికన్నా చల్లగా ఉండేది అద్దం, నీటి బొట్లు దాని మీద పడేవి, మీరు తుడిచేవారు. ఇప్పుడు అన్నిటికన్నా చల్లనిది లింటెల్ మూల. గదిలో 20 డిగ్రీలు, తేమ 50 శాతం ఉంటే, గోడ సుమారు 9 డిగ్రీలకు దిగినప్పుడే నీరు కనబడుతుంది, కానీ 12.6 డిగ్రీల దగ్గరే బూజుకు అనువు ఏర్పడుతుంది. కిటికీలు మార్చినప్పుడే ఆ గోడకు బయట ఇన్సులేషన్ వేసి, గాలి మార్చే యంత్రం పెట్టి ఉంటే ఇది జరిగేది కాదు. సగం పని చేయించి సూత్రమే తప్పంటే ఎలా?

తెరిచినకిటికీ:
మా అమ్మ దగ్గు మీకు సగం పనిలా కనిపిస్తోందా? డిగ్రీలు, లీటర్లు చెబుతున్నారు. ఆ గదిలో రాత్రంతా ఆవిడ పక్కన కూర్చున్నది నేను.

కొలబద్ద:
నేను ఆమె గురించి అనలేదు. పని గురించి అన్నాను. మీరు ఇక్కడ ప్రతి చర్చలోనూ ఇదే బూజు తెచ్చి, ఇల్లు కట్టుకునేవాళ్ళను బెదరగొడుతున్నారు. మీ మాట విని సందులున్న ఇల్లు కట్టుకుంటే ఆ కుటుంబం జీవితాంతం ఆ చలీ ఆ ఉక్కా భరించాలి.

సోలార్‌మిత్ర:
అందుకే సోలార్ అన్నాను.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. అడిగినవారికి పనికొచ్చేది రాయండి.

పడమటెండ:
పడమర కిటికీ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. సాయంత్రం సూర్యుడు కిందికి దిగుతాడు, మీరు పైన ఎంత సన్‌షేడ్ పోసినా ఎండ దాని కింద నుంచి నేరుగా వస్తుంది. లోపల కర్టెన్ వేస్తే లాభం లేదు, వేడి అప్పటికే అద్దం దాటింది. బయట షట్టరో, నిలువు పలకలో, చెట్టో ఉండాలి.

తెరిచినకిటికీ:
సరే, పనికొచ్చేదే రాస్తాను. బూజు కడిగాం, మందు కొట్టాం, పోయింది. నా బాధ దాని గురించి కాదు. బిల్లు కట్టేది మా అన్నయ్య. హీటర్ నడుస్తుంటే కిటికీ తీయొద్దని అమ్మకు చెప్పాడు. లేవగానే కిటికీ తీసి వీధి చూడటం ఆవిడకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. అప్పటి నుంచి గొళ్ళెం మీద చెయ్యి వేసే ముందు మా వంక చూసేది. తన ఇంట్లో తనే. అన్నయ్య చెడ్డవాడు కాదు, ఆ ఇల్లు అలా చేసింది. ఇక మీ గాలి యంత్రం. దానికి ఫిల్టర్ ఉంటుంది కదా, సీలింగ్‌లో. అది మార్చాలని ఎవరికి గుర్తుంటుంది? నిచ్చెన ఎవరు ఎక్కుతారు? పెద్దవాళ్ళు ఉండే ఇంట్లో మంచి గాలి ఒక యంత్రం మీద ఆధారపడకూడదు. నా గొడవ ఇదీ.

కొలబద్ద:
ఇది ముందే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ప్యాసివ్ హౌస్‌లో కిటికీ తీయకూడదన్న నియమం ఎక్కడా లేదు. ఇన్సులేషన్ బయట వైపు ఉంటే వేడి గోడల్లోనూ నేలలోనూ నిలిచి ఉంటుంది. పొద్దున పది నిమిషాలు కిటికీలు బార్లా తీస్తే గాలి మారుతుంది, గోడలు చల్లబడవు, కిటికీ మూయగానే గది మళ్ళీ వెచ్చబడుతుంది. మీ అన్నయ్య వద్దన్నది గోడలు చల్లగా ఉన్న ఇంట్లో. అక్కడ ఆయన భయం నిజమే.

యంత్రం మాత్రం నేను వదలను. చలి రాత్రి కిటికీ తీసుకుని ఎవరూ పడుకోరు. ఇద్దరు నిద్రపోయే మూసిన గదిలో తెల్లవారేసరికి కార్బన్ డయాక్సైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో వెయ్యి పాళ్ళు) దాటడం మామూలే. మీ అమ్మగారు లేచి కిటికీ తీసేలోపు రాత్రంతా గడిచిపోతుంది.

తెరిచినకిటికీ:
యంత్రం ఆగిపోయిన రాత్రి ఏం చేస్తారో కూడా చెప్పండి.

ఇంటిప్లాన్:
అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో మాట్లాడుకున్నాం. పైకప్పు, గోడలు, కిటికీలు ముందు. డాబా మీదికి పైపు వదిలేస్తున్నాం, సోలార్ తర్వాత చూస్తాం. అమ్మానాన్నల గది పడమర వైపు వేసి ఉంది, దాన్ని తూర్పుకు మార్చమన్నాను. యంత్రం సీలింగ్‌లో కాకుండా స్టోర్ రూంలో, నిలబడి ఫిల్టర్ తీసేంత ఎత్తులో పెట్టొచ్చా?

కొలబద్ద:
పెట్టొచ్చు, ఇప్పుడే ప్లాన్‌లో గుర్తు పెట్టించండి. గాలి పైపులు లింటెల్ పై నుంచి వెళ్ళాలి, బీములకు అడ్డం రాకూడదు. చౌకట్టుకూ గోడకూ మధ్య సందు మేస్త్రీ ఉత్త సిమెంటుతో పూడుస్తాడు, ఒప్పుకోకండి. ఫోమ్ నింపి, లోపలి అంచు టేపుతో మూయించాలి. గాలి వీచే రోజున అక్కడ టిష్యూ పేపర్ ముక్క పట్టుకుని చూడండి, కదిలితే ప్లాస్టరింగ్ ఆపించండి.

తెరిచినకిటికీ:
ఆ తూర్పు గదిలో కిటికీ పూర్తిగా తెరుచుకునేది పెట్టించండి, జరిపేది వద్దు. పిడి ఎంత ఎత్తులో ఉండాలో కొలిచేటప్పుడు మీ అమ్మగారిని పక్కన నిలబెట్టుకుని కొలవండి.

పడమటెండ:
గది మార్చినా హాల్లో పడమర కిటికీ అలాగే ఉందిగా. దానికి బయట షట్టర్ పెట్టిస్తున్నారా, లేదా?