ముఖం చూపించకుండా సాయం ఎట్లా అడగాలి? నల్లగొండ నుంచి అడుగుతున్నా

గడియారంసెంటర్_నల్లగొండ

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

నేను నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీలో పని చేస్తాను. రెండేళ్లుగా ఆదివారాలు ఒక చిన్న సంస్థకు వెళ్లి వాళ్ల లెక్కలు రాసిపెట్టి, అక్కడి అమ్మాయిలకు ఇంగ్లీషు చెప్పి వస్తున్నాను. లైంగిక దోపిడీ నుంచి బయటపడ్డ అమ్మాయిలు వాళ్లు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా అయితే బాలసదనం ఉంది, బాలల సంక్షేమ సమితి ఉంది, మంచో చెడో అడిగేవాళ్లు ఎవరో ఒకరు ఉన్నారు. పద్దెనిమిది నిండాక ఎక్కడికి పోవాలి? కొందరిని అందులోకి తోసింది ఇంట్లోవాళ్లే, ఇంకొందరి అమ్మానాన్నలు వలస పోయి ఎక్కడున్నారో కూడా తెలియదు. ఈ సంస్థ అలాంటివాళ్లను ఒక అద్దె ఇంట్లో ఉంచి, చదివేవాళ్లను చదివిస్తుంది, మిగతావాళ్లకు పని నేర్పిస్తుంది, కోర్టు వాయిదా ఉంటే పక్కన కూర్చుంటుంది. ఇప్పుడు తొమ్మిది మంది ఉన్నారు.

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు సారు ఇన్నాళ్లూ ఇంటి అద్దె, బియ్యం ఆయనే ఇచ్చేవారు. ఎవరికీ చెప్పుకునే మనిషి కాదు. ఉగాదికి ముందు ఆయన చనిపోయారు. మూడు నెలల అద్దె బాకీ పడింది, ఓనరు మంచివాడు కాబట్టి ఇంకా ఏమీ అనలేదు.

ఆన్‌లైన్‌లో అడుగుదామని నేనే ముందుకొచ్చాను. మా టెన్త్ బ్యాచ్ గ్రూపు, కాలనీ గ్రూపు, చుట్టాల గ్రూపు, మూడింట్లో పెట్టాను. దండం పెట్టే బొమ్మలు నలభై దాకా వచ్చాయి, డబ్బు 1,700 వచ్చింది. తర్వాత ఒక్కొక్కరు విడిగా మెసేజ్ చేశారు. ఫోటో ఏదీ అని ఒకరు, వీడియో పెడితే బాగా పోతుందని ఒకరు, మా చిన్నాన్న వరస ఆయన అయితే "అసలు ఆ పిల్లకు ఏం జరిగిందో వివరంగా రాయమ్మా, అప్పుడే జనం కదులుతారు" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు, నిజంగా సాయం చేద్దామనే అన్నారు.

ఆ ఆదివారం నేను వెళ్తే ఒక అమ్మాయి, డిగ్రీ మొదటి సంవత్సరం, పాఠం అయ్యాక అడిగింది: "అక్కా, ఫోన్‌లో మా గురించి రాస్తున్నావంట కదా, నా గురించి కూడా రాస్తావా?" రాయనని చెప్పాను. నమ్మినట్టు తల ఊపింది కానీ నమ్మలేదు, నాకు తెలుస్తూనే ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఫోటో లేకుండా, కథ లేకుండా, ఊరు పేరు లేకుండా జనాన్ని ఎట్లా కదిలించాలి? ఎవరైనా ఇట్లాంటి పని చేసి ఉంటే చెప్పండి. సంస్థ పేరు ఇక్కడ అడగకండి, చెప్పను.


పాలమూరు_పెద్దక్క

చెల్లీ, నువ్వు రాయనని చెప్పావు చూడు, ఆ మాట మీద నిలబడు. నేను నిలబడలేదు కాబట్టి చెప్తున్నా.

మాది మహబూబ్‌నగర్. మక్తల్, నారాయణపేట వైపు జోగిని (దేవత పేరున విడిచిన) తల్లుల పిల్లల చదువు కోసం కొంతమందిమి కలిసి పనిచేసేవాళ్లం. జోగినిగా మార్చడం నేరమని 1988లోనే చట్టం వచ్చింది, అయినా ఆ తల్లుల పిల్లలకు బడిలో తండ్రి పేరు దగ్గర నుంచే బాధ మొదలవుతుంది. ఒకసారి ఫీజుల కోసం ఫేస్‌బుక్‌లో ఒక తల్లి కథ రాశాం. పేరు మార్చాం, ఊరు రాయలేదు, చాలా జాగ్రత్తగా ఉన్నామనుకున్నాం. కానీ ఏ దేవర, జాతర ఏ నెలలో, కూతురు ఏ క్లాసు, ఇవన్నీ రాశాం. ఆ మండలంలో ఉన్నవాళ్లకు ఇంకేం కావాలి? నాలుగో రోజుకల్లా బడి పిల్లల ఫోన్లలో తిరిగింది. ఆ అమ్మాయి రెండు వారాలు బడికి రాలేదు. డబ్బు మాత్రం బాగానే వచ్చింది, ఆ డబ్బు చూస్తే ఇప్పటికీ నాకు బాధే.

ఆ తర్వాత మేము మనిషి గురించి రాయడం మానేసి, ఖర్చు గురించి రాయడం మొదలుపెట్టాం. జనం కదలాలంటే కథే కావాలని అందరూ అనుకుంటారు కానీ మా అనుభవంలో అది నిజం కాదు. "కోర్టు వాయిదాకు ఇద్దరు పోయి రావాలి, బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం, ఆ రోజు కూలి పోయినందుకు తోడు వచ్చిన ఆమెకు 500" అని రాస్తే చదివినవాళ్లకు ఆ రోజంతా కళ్ల ముందు కనిపిస్తుంది. పరీక్ష ఫీజు ఎంత, కుట్టు మిషను ఎంత, నెలకు గ్యాస్ బండలు ఎన్ని, శానిటరీ ప్యాడ్లకు ఎంత, అన్నీ రాయి. రాయడానికి సిగ్గు పడకు.

ఇంకొకటి, గ్రూపులో పెట్టి ఊరుకుంటే దండాలే వస్తాయి. మీ బ్యాచ్‌లో పదిహేను మందిని ఎంచుకుని ఒక్కొక్కరికి ఫోన్ చెయ్యి. ఒక్కసారి ఐదువేలు అడగకు, నెలకు 300 చొప్పున ఏడాది ఇవ్వగలవా అని అడుగు. అద్దె ప్రతి నెలా కట్టాలి కదా, డబ్బు కూడా ప్రతి నెలా రావాలి. యూపీఐలో ఆటోపే పెట్టించు, ఒకసారి పెట్టాక ఎవరూ తీసెయ్యరు.


సూర్యాపేట_వకీలు

మీ చిన్నాన్నగారికి చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నాను.

పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 2012 సెక్షన్ 23 ప్రకారం పిల్లల పేరు, ఫోటో ఒక్కటే కాదు, చిరునామా, కుటుంబ వివరాలు, బడి, ఉండే వీధి, గుర్తుపట్టేలా చేసే ఏ వివరమూ మీడియాలో బయట పెట్టకూడదు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. జువెనైల్ జస్టిస్ చట్టం 2015 సెక్షన్ 74లో కూడా ఇదే ఉంది, అక్కడ జరిమానా రెండు లక్షల దాకా వెళ్తుంది. ఇప్పుడు పద్దెనిమిది నిండింది కదా అనుకోవద్దు. నేరం జరిగినప్పుడు ఆమె చిన్నపిల్ల, కేసు అదే. పెద్దయ్యాక జరిగిందైనా అత్యాచారం కేసుల్లో బాధితుల పేరు బయట పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 ఉంది. పెద్దవాళ్లు సంతకం పెట్టారు కదా అని మైనర్ పేరు వాడుకోవడానికి లేదు, 2018లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. వాట్సాప్ ఫార్వర్డ్ కదా, మీడియా కాదు కదా అని నా దగ్గర వాదించినవాళ్లు ఉన్నారు. అలాంటి ధైర్యం చేయకండి.

ఇట్లాంటి పోస్టు పెట్టగానే "మా ఊళ్లో కూడా ఇట్లాంటిదే జరుగుతోంది" అని ఎవరో ఒకరు మెసేజ్ చేస్తారు. అది పద్దెనిమిది లోపు పిల్లల గురించి అయితే పోలీసులకు చెప్పకుండా ఉండటం కూడా నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చేయండి, వాళ్లతో కూడా చేయించండి. వీడియో ఏదైనా పంపితే తెరవొద్దు, దాచొద్దు, ఆధారమని ఇంకొకరికి పంపొద్దు. పిల్లల అలాంటి దృశ్యాలు ఫోన్‌లో దాచుకోవడం గురించి 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చాలా కఠినంగా తీర్పు ఇచ్చింది. మీకు వచ్చిందని నేరుగా పోలీసులకు చెప్పండి.


మిర్యాలగూడ_టు_డాలస్

అక్కా, ఆ రైస్ మిల్లు సారు ఎవరో నాకు అర్థమైంది అనుకుంటున్నా, పేరు రాయను. మనసు కలుక్కుమంది.

ఇక్కడ మన నల్లగొండ జిల్లావాళ్లం చాలామంది ఉన్నాం, ఇస్తారు. కానీ పోస్టు చూసి వెంటనే ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకండి. ఇంకా ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (భారతీయ మూలాలున్న విదేశీ పౌరుల కార్డు) ఉన్నవాళ్లు ఇస్తే వస్తుంది, దానికి సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకులో ప్రత్యేక ఖాతా ఉండాలి. చిన్న సంస్థలకు సాధారణంగా ఇవి ఉండవు. మా స్నేహితుడు ఒకడు మంచి మనసుతోనే వేరే ఊరి సంస్థకు పంపాడు, తర్వాత ఆ డబ్బు తిరిగి పంపలేక, వాడుకోలేక వాళ్లు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. అందుకే ఇచ్చే ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. మొహమాటపడొద్దు.

ఇండియాలో ఇచ్చేవాళ్లకు 80జీ అని పిలిచే పన్ను మినహాయింపు రసీదు ఇవ్వగలరా చూడండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అది ఉపయోగం, నగదు 2,000 దాటితే మాత్రం పనికిరాదు. మీ సొంత నంబరుకు డబ్బు వేయించుకోవద్దు, సంస్థ ఖాతా క్యూఆర్ కోడే పెట్టండి. మీ నిజాయితీ మాకు తెలుసు, రేపు ఎవరో ఒకరు వేలెత్తి చూపితే మాత్రం నష్టపోయేది ఆ అమ్మాయిలే.

మనుషుల అక్రమ రవాణా బాధితుల కోసం హైదరాబాద్ ప్రజ్వల లాంటి సంస్థ 1996 నుంచి పని చేస్తోంది, దేశమంతా తెలుసు కాబట్టి పేరు చెబితే చాలు. మనకు ఆ పేరు లేదు, కాబట్టి ప్రతి నెలా జమాఖర్చు ఒక్క పేజీ ఫోటో తీసి ఇచ్చినవాళ్లకు పంపండి. నేను నా వంతు మొదలుపెడతాను, నాది ఇండియా పాస్‌పోర్టే.


సాగర్‌రోడ్_అన్న

మీరంతా చెప్పేది బాగానే ఉంది కానీ నేను ఒప్పుకోలేను. పదేళ్లుగా రక్తదానం, అనాథ పిల్లల సేవ చేస్తున్నా. జమాఖర్చు పేజీ చూసి కదిలేవాళ్లు వందలో ఇద్దరు. మనిషి కనిపించాలి. ముఖం వద్దు, సరే, వెనక నుంచి తీసిన ఫోటో, రెండు జడలు, చేతిలో పుస్తకం, అంతవరకు పెట్టొచ్చు కదా. ముఖం బ్లర్ చేయొచ్చు. పుట్టినరోజులకు దాతలను పిలిచి అక్కడే భోజనం పెట్టించండి, కళ్లారా చూసినవాడు జీవితాంతం ఇస్తాడు. అద్దె బాకీ ఉందంటున్నారు, ఇంత పట్టింపుకు పోతే ఆ తొమ్మిది మంది రోడ్డున పడతారు, అది కూడా ఆలోచించండి.


బాలసదనంలో_పెరిగినదాన్ని

సాగర్ రోడ్ అన్నా, మీరు సేవ చేసే మనిషి, మీ మీద గౌరవంతోనే రాస్తున్నా.

నేను ఎనిమిదేళ్లప్పటి నుంచి హోమ్‌లోనే పెరిగాను. ఏ జిల్లానో చెప్పను. మీరు చెప్పే పుట్టినరోజులు నెలకు నాలుగు వచ్చేవి. వాళ్లు వచ్చేదాకా మేము అన్నం తినకుండా వరసలో కూర్చునేవాళ్లం, ఎందుకంటే ఫోటోలో ప్లేట్లు నిండుగా ఉండాలి. కేకు కోసే బాబు మా వయసువాడే ఉండేవాడు. ఒకసారి ఒక ఆంటీ నా భుజం మీద చెయ్యి వేసి, నా పక్కనున్న పిల్లను చూపించి, "ఈమేనా ఆ కేసు పిల్ల" అని మేడంను అడిగింది. ఆ పిల్ల విన్నది. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా బాత్రూంలోకి పోయి తలుపు వేసుకునేది.

వెనక నుంచి తీసిన ఫోటో అంటున్నారు కదా. నన్ను నా జడ చూసి, నడక చూసి గుర్తుపట్టే మనుషులు ఉన్నారు. వాళ్లలో మంచివాళ్లు ఉన్నారు, ఎవరికి దొరకకూడదని పారిపోయి వచ్చామో వాళ్లూ ఉన్నారు. గోడ రంగు, కిటికీ, బయట కనిపించే నీళ్ల ట్యాంకు చాలు ఇల్లు కనుక్కోవడానికి.

2018లో యాదగిరిగుట్టలో వ్యభిచార గృహాల నుంచి పిల్లలను కాపాడినప్పుడు టీవీలన్నీ అదే చూపించాయి. మేము హోమ్‌లో కూర్చుని చూశాం. మాలో ఒక్కరం కూడా మాట్లాడలేదు. ఆ పిల్లలు ఇప్పుడు ఏం చదువుతున్నారు, ఫీజు ఎవరు కడుతున్నారు అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మనిషి కనిపించాలి అంటే ఇచ్చే మనిషి కనిపించాలి అన్నా. మీ ఫోటో పెట్టండి. "నేను సాగర్ రోడ్డులో ఉంటా, పదేళ్లుగా సేవ చేస్తున్నా, ఈ ఇంటి అద్దెకు నెలకు ఇంత ఇస్తున్నా, ఎందుకు ఇస్తున్నానంటే" అని మీరే మాట్లాడి వీడియో పెట్టండి. నల్లగొండలో మీ మాటకు విలువ ఉంటుంది కదా, మీ పరువు అడ్డం పెట్టండి, ఆ అమ్మాయిల పరువు కాదు.

ఇంకొకటి, అమ్మాయిలు మాత్రమే అనుకోకండి. మగపిల్లలకూ జరుగుతుంది, పోక్సోలో ఆడ మగ తేడా లేదు, వాళ్లకు ఇట్లాంటి ఇల్లు దొరకడం ఇంకా కష్టం.


సాగర్‌రోడ్_అన్న

చెల్లెమ్మా, మూడుసార్లు చదివాను. వరసలో కూర్చోబెట్టిన ఆ దాతల్లో నేనూ ఉన్నాను. ఎప్పుడూ ఇట్లా ఆలోచించలేదు. వీడియో నేనే చేస్తాను. గడియారం మేడం, రాసి ఇవ్వండి, ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడను.


గడియారంసెంటర్_నల్లగొండ

అందరికీ ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. బాలసదనం చెల్లీ, నీ పోస్టు మా సంస్థ మేడంకు చూపించాను, నీకు అభ్యంతరం ఉంటే చెప్పు.

ఈ వారం జరిగింది చెప్తాను. పెద్దక్క అన్నట్టు పదహారు మందికి ఫోన్ చేశాను. పదకొండు మంది నెలకు 300 ఒప్పుకున్నారు, ఇద్దరు 500. గ్రూపులో దండం పెట్టినవాళ్లే వీళ్లు. విడిగా అడిగితే ఎక్కువమంది కాదనలేదు, అసలు నెలనెలా ఇవ్వొచ్చని తెలియదన్నారు. బియ్యం కోసం ఇంకో మిల్లువాళ్లను అడుగుతున్నాం. వకీలు సార్, మీరు రాసింది మా చిన్నాన్నకు పంపాను, ఆయన చదివి రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత ఒక నెల అద్దె ఆయనే కట్టారు. డాలస్ తమ్ముడూ, మేడం ఆడిటర్‌తో మాట్లాడుతున్నారు, అప్పటిదాకా ఆగు.

కొత్త పోస్టు రాశాను. జూలై 30 మనుషుల అక్రమ రవాణా వ్యతిరేక దినం కదా, ఆ రోజు అన్ని గ్రూపుల్లో పెడదామనుకుంటున్నాం. ఇది:

"ఒక అద్దె ఇల్లు. అందులో చదువుకుంటున్న అమ్మాయిలు. ఎవరు, ఎక్కడ, ఎందుకు అని అడగకండి, చెప్పకపోవడమే వాళ్లకు మేము చేసే మొదటి సాయం. వాళ్లకు నెలకు కావలసినవి కింద ఉన్నాయి, మీరు ఏది ఇవ్వగలరో ఎంచుకోండి. వచ్చి చూడటానికి వీలు లేదు. లెక్క ప్రతి నెలా మీకు వస్తుంది."

కింద గ్యాస్ నుంచి పరీక్ష ఫీజు దాకా పన్నెండు ఖర్చులు. తొమ్మిది మంది అన్న సంఖ్య కూడా తీసేశాను. గుంపులో పెట్టే ముందు మొదట ఆ డిగ్రీ అమ్మాయికే చూపించాను. నిదానంగా చదివి, "పన్నెండో దాంట్లో నర్సింగ్ అని తీసెయ్యి అక్కా, ఇక్కడ నర్సింగ్ చదివేది ఒక్కతే" అంది. తీసేశాను. ఇంకా ఏమైనా మీకు కనిపిస్తే చెప్పండి, సోమవారం లోపల మార్చేస్తాను.